చేతికి చత్వారం

గుడియాత్తం బస్టాండు పక్కన తోపుడు బండి మీద వేలాయుధం కొబ్బరికాయలు అమ్ముతాడు. కాయను చేతిలోకి తీసుకోగానే అది అరచేతిలో నిట్టనిలువుగా లేచి నిలబడుతుంది. కొనేవాళ్లకు అదేం వింత కాదు. ఆయన దాన్ని సంచిలో వేసేదాకా ఆగుతారు, అంతే.

"బిన్న ఇయ్యప్పా, బస్సు పోతాది," అంటుంది ఇడ్లీకొట్టు ఆరోకియమేరి.

ఇదివరకు ఆయన పని నీళ్లు చూడటం. కాయ పట్టుకుని చేలో నడిచేవాడు, అది లేచిన చోట బోరు వేసేవాళ్లు. కనియంబాడి నుంచి జోలార్పేట దాకా ఆయన చెప్పిన చోట నీళ్లు పడ్డాయి. వయసు మీద పడ్డాక చేతికి చత్వారం వచ్చింది. కళ్లకు వస్తే దగ్గరి అక్షరాలు కనిపించవు, దూరాన కొండ మీది గుడి కనిపిస్తుంది. చెయ్యీ అంతే. దగ్గరి ఊట తెలియడం మానేసి, ఏ బోరూ ముట్టలేని లోతు తెలియడం మొదలైంది. ఐదారు వందల కిలోమీటర్ల కింద నీలంరంగు రాయి ఉంటుందట, అందులో నీళ్లట. బిందెతో ముంచుకునే నీళ్లు కావు. హైడ్రోజనై రాయి ఒంట్లోనే కలిసిపోయి ఉంటాయి, చుక్క కూడా కారవు. ఆ లోతున ఆ రాయి లేని చోటేది? ఆయన చేతిలో కాయ ఎక్కడపడితే అక్కడ నిలబడింది.

ఆ సంగతి తెలిసేసరికి కొడుకు ధనశేఖర్ మేల్పాడి చేలో మూడు బోర్లు వేయించేశాడు, మూడూ నాయన మాట మీదే. మూడింట్లోనూ దుమ్మే లేచింది. ధనశేఖర్ సేద్యం వదిలేసి వేలూరులో చెప్పుల ఫ్యాక్టరీలో చేరాడు. తండ్రిని తిట్టలేదు. మాట్లాడటం మానేశాడు. వేలాయుధానికి బాధ కూడా లేదు, బాధైతే నొప్పి తెలిసేది. తింటాడు, కాయలు అమ్ముతాడు, పడుకుంటాడు.

ఒక ఆదివారం ధనశేఖర్ బండి దగ్గరికి వచ్చాడు.

"చేను అమ్మేస్తా ఉండా. నారాయణన్ ప్లాట్లు వేస్తాడంట. రేపు రిజిస్ట్రేషన్. నువ్వూ సంతకం పెట్టల్ల."

"పెడతాలేరా."

"ఈ పొద్దు ఆయనకు చేని గెట్లు చూపించల్ల. రా."

వేలాయుధం చేతిలో ఉన్న కాయతోనే బస్సెక్కాడు. కాట్పాడిలో బస్సు మారినా అరచేతిలో కాయ ఒరగలేదు. టికెట్టు ఎడమచేత్తో తీసుకున్నాడు.

నారాయణన్ గెట్టురాళ్లన్నీ చూసుకుని, పొద్దున ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తండ్రీకొడుకులు తిరుగుదారి పట్టారు. తూర్పు గెట్టు దగ్గర, కానుగచెట్టు పక్కన, కాయ పడుకుంది.

వేలాయుధం నాలుగడుగులు వెనక్కు వేశాడు. కాయ లేచింది. ముందుకు వచ్చాడు. మళ్లీ ఒరిగింది.

"మళ్లా మొదులుపెట్టినావా నాయనా?" ధనశేఖర్ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు.

"నిలబడలేదురా. పడుకునుండాది."

"పడుకుంటే ఏమి?"

"ఈడ అడుగు రాయిలో నీళ్లు లేవు. రాయి వదిలేసినట్టుండాది. వదిలితే పైకే గదా రావల్ల."

"అంటే ఈడ తవ్వితే నీళ్లుండాయా?"

వేలాయుధం నోరు తెరిచాడు. ఇదే చేలో, ఇదే ప్రశ్నకు, మూడుసార్లు ఉండాయని చెప్పాడు.

"తెలీదు," అన్నాడు. "దగ్గరిది నాకు తెలీదురా ఇప్పుడు."

ధనశేఖర్ తండ్రి ముఖంలోకి చూశాడు. అలా చూసి చాలా కాలమైంది. పక్క చేని రంగప్పను అడిగి గడ్డపార, పార తెచ్చాడు. చొక్కా విప్పి కానుగ కొమ్మకు తగిలించి తవ్వడం మొదలుపెట్టాడు. నమ్మకం కుదిరిందని కాదు. నాయన నోట తెలీదనే మాట వినడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

చీకటి పడ్డాక ఆపి, తెల్లవారగానే మళ్లీ దిగాడు. నడుము లోతు దాటాక మట్టి రంగు మారింది. ఇంకాస్త దిగి గడ్డపార పెరికేసరికి ఆ బొక్కలోంచి నీళ్లు ఉబికాయి. వేలాయుధం చూస్తూ నిలబడ్డాడు, ధనశేఖర్ తవ్వుతూనే ఉన్నాడు.

కొమ్మకున్న చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"నా చేతులు బురదగా ఉండాయి. చెవి దగ్గర పెట్టు నాయనా."

వేలాయుధం గుంత అంచున బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి ఫోన్‌ను కొడుకు చెవికి ఆనించి పట్టుకున్నాడు.

"రిజిస్ట్రేషన్‌కు ఎప్పుడు బయల్దేరతావప్పా?" అన్నాడు నారాయణన్.

ధనశేఖర్ మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లను చూసుకున్నాడు.

"రాలేనన్నా," అన్నాడు. "చేలోకి నీళ్లు తిప్పేదానికి మడవ కట్టల్ల."