ఆమె పేరు లేని పాలసీ

ఒక సందేహం నాలో పద్నాలుగేళ్లుగా ఉంది. దీపాలు పెట్టే వేళ మనం అన్న మాట తథాస్తు దేవతలు వింటారనీ, అది అలాగే జరుగుతుందనీ మా అమ్మ చెప్పేది. ఆ నమ్మకం మీద నాకు సందేహం లేదు. సందేహం నా మీదే. ఒక శుక్రవారం సాయంత్రం నా భార్య మీనాక్షి ఒక మాట అంది. నేను కాదనలేదు. ఆ ఊరుకోవడం ఆమె భక్తి మీద గౌరవంతోనా, లేక నెలకి నూట నలభై డాలర్లు మిగులుతాయనా? రోజూ సంధ్య వార్చాక దేవుడి ముందు కూర్చుని ఇదే అడుగుతాను. ఆయన చెప్పడు. చెప్పవలసింది ఆయన కాదేమో.

నేను ఐటీఐ వరకే చదివాను. మా బావమరిది పెట్టిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద ముప్పై నాలుగేళ్ల కిందట టెక్సస్ వచ్చి, ఇర్వింగ్‌లో యంత్రాల విడిభాగాలు నిలవ చేసే గోదాములో పనిచేసి రిటైరయ్యాను. మీనాక్షి ఒక స్కూల్లో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించేది. మాకు ఒక్కతే కూతురు, నిధి. ఫ్రీమాంట్‌లో ఉంటుంది. మాది చిన్న ఇల్లు, పెద్ద పూజగది. నిధి చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వేది, దేవుడికి మాస్టర్ బెడ్‌రూమ్ ఇచ్చేశారని.

ఆ శుక్రవారం శ్రావణమాసంలోది. గుళ్లో పరిచయమైన యోగానంద్ ఇన్సూరెన్స్ కాగితాలతో మా ఇంటికి వచ్చాడు. మీనాక్షి వ్రతం చేసుకుని, కాళ్లకి పసుపు రాసుకుని, అతనికి శనగలూ పులిహోరా పెట్టింది.

"అన్నయ్యగారూ, ఇది మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కాదు" అన్నాడు యోగానంద్. "రేపు మనకి స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి ఒక మనిషి కావలసి వస్తే, దానికి. లాంగ్ టర్మ్ కేర్ అంటారు. ఏళ్ల తరబడి అయ్యే ఆ ఖర్చు వయసు మళ్లాక వచ్చే మెడికేర్ ఇవ్వదు. చేతిలో ఏమీ లేనివాళ్లకి గవర్నమెంట్ ఇచ్చే మెడికెయిడ్ ఇస్తుంది. కానీ ముందు మీరు దాచుకున్నది ఖర్చు పెట్టుకుని రమ్మంటుంది. పేషెంట్ పేరు మీద రెండు వేల డాలర్లు మిగిలేదాకా తలుపు తీయదు."

"మరి నీ పాలసీ ఉంటే తలుపు తీస్తుందా?" అన్నాను నవ్వుతూ.

"తీస్తుంది. ఇది పార్ట్‌నర్‌షిప్ పాలసీ. మీ కేర్‌కి కంపెనీ లక్ష ఇచ్చిందనుకోండి. అది అయిపోయాక మీరు మెడికెయిడ్‌కి అప్లై చేస్తే, మీ సొంత డబ్బులో ఇంకో లక్షని వాళ్లు లెక్కలోకి తీసుకోరు. కంపెనీ ఎంత ఇస్తే అంత మీకు మిగులుతుంది. ఇద్దరూ తీసుకుంటే డిస్కౌంట్ కూడా. వదినగారి వాటా నెలకి నూట నలభై డాలర్లే."

మీనాక్షి వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఆయనకి రాయండి. నాకు వద్దు" అంది.

"అదేంటి వదినగారూ? అసలు మీకే ఎక్కువ అవసరం. ఆడవాళ్లు ఎక్కువ రోజులు బతుకుతారు. లెక్కలు చూపిస్తాను, చూడండి."

అతను మంచికే చెప్పాడు. కానీ ఇన్సూరెన్స్ లెక్కల్లో మంచి మాట మా ఇంట్లో, పైగా వ్రతం రోజున, ఏమవుతుందో అతనికి తట్టలేదు. మీనాక్షి ముఖం ఎర్రబడింది.

"ఆ మాట అనకండి యోగానంద్‌గారూ. ఇప్పుడే అమ్మవారికి మొక్కుకుని లేచాను. నేను ఆయన కంటే ముందు పోతాను, పసుపు కుంకాలతో. మంచం పట్టను, ఎవరి చేతా చేయించుకోను. నా పేరు రాసుకోవద్దు."

యోగానంద్ నా వైపు చూశాడు. 'మీరైనా చెప్పండి' అని ఆ చూపు. నేను ఆమె పసుపు కాళ్ల వైపు చూస్తూ, "ఆవిడ మాటే నా మాట" అన్నాను. పాలసీ నా ఒక్కడి పేరు మీద రాయించాను.

అతను వెళ్లాక మీనాక్షి నవ్వింది. "మీకు నెలనెలా మిగిల్చి పెట్టాను. దానికి నాకేంటి?"

"ఏం కావాలి?"

"మట్టెలు కొనిపెట్టండి. ఇవి చూడండి, అరిగిపోయి సాక్సుకి తగులుకుంటున్నాయి. స్కూల్లో బూటు విప్పితే పిల్లలు చూసి, మీకు కాలివేలికి ఎందుకు రింగు అంటున్నారు."

"కొంటాను. ఇక్కడ కూలి ఎక్కువ తీసుకుంటారు. ఇండియా వెళ్లినప్పుడు కొంటాను" అన్నాను.

ఆ తర్వాత మూడుసార్లు ఇండియా వెళ్లాం. ఒకసారి చీరలు కొన్నాం, ఒకసారి మా అన్నయ్య ఆపరేషన్ అయింది, ఒకసారి నేను మరిచిపోయాను. ఒక మట్టె విరిగితే ఆమె పసుపు దారం కట్టి తొడుక్కుంది. మళ్లీ అడగలేదు.

ఆరేళ్ల కిందట మీనాక్షి మధ్యాహ్నం రెండుసార్లు దీపం పెట్టింది. తర్వాత స్టవ్ మీద గిన్నె పెట్టి మరిచిపోయింది. ఒకరోజు లలితా సహస్రనామం మధ్యలో ఆగిపోయి, మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగిపోయింది. నలభై ఏళ్లు పుస్తకం తీయకుండా చదివిన మనిషి. డాక్టర్ జబ్బు పేరు చెప్పిన రోజున నేను కారులోంచే యోగానంద్‌కి ఫోన్ చేశాను.

"ఇప్పుడు ఆవిడ పేరు రాయించవచ్చా?"

"లేదన్నయ్యగారూ. డయాగ్నోసిస్ వచ్చాక ఏ కంపెనీ తీసుకోదు."

"పోనీ, నా పాలసీ ఆవిడ పేరుకి మార్చు. నాకేం జబ్బు లేదు. నేను రాసిస్తాను."

"అది మనిషిని బట్టి అన్నయ్యగారూ. మార్చడానికి ఉండదు."

"నేను పోతే?"

"పోతే ఆగిపోతుంది. ఆవిడకి రాదు. అలాంటి ఆలోచనలు పెట్టుకోకండి."

నేను పోకూడదనే ఆలోచన పెట్టుకున్నాను. దేవుడికి కూడా చెప్పాను, ముందు పోవాలన్న ఆమె కోరిక తీరాలంటే నేను వెనక ఉండాలి కదా అని. ఉన్నాను. ఉన్నందువల్ల ఆమెకి ఏం మేలు జరిగిందో నాకు తెలియదు. నా పేరు మీద ఉన్న పాలసీకి ఇప్పటికీ డబ్బు కడుతున్నాను. నాకు బీపీ కూడా లేదు.

నాలుగేళ్లు ఇంట్లోనే చూసుకున్నాను. రెండోసారి వీధిలోకి వెళ్లిపోయి పోలీసులు తీసుకువచ్చాక, నిధి వచ్చి, ఏడ్చి, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఒక కేర్ హోమ్‌లో చేర్పించింది. అక్కడ పనిచేసే రేణుది నిజామాబాద్. మా కోసమే దేవుడు పంపాడనుకున్నాను. ఉంగరాలూ గాజులూ ఉండకూడదన్నారు. విరిగిన మట్టెతో సహా అన్నీ ఒక కవరులో పెట్టి నా చేతికి ఇచ్చారు.

అప్పటి నుంచి రోజూ పదకొండున్నరకి నేను పెరుగన్నం కలిపి తీసుకువెళ్తున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టదు. కానీ నా చేతి ముద్ద తింటుంది, ఇంకెవరి చేతిదీ తినదు.

"అంకుల్, నిన్న మీరు లేటొచ్చిన్రు గదా, నేను పెట్టవోతే నోరు మూస్కున్నది" అంది రేణు ఒకరోజు. "మీ చేతిల ఏముందో ఏమో. గా ముసలాయన ఎప్పుడొస్తడని అడుగుతది."

"ముసలాయనా?"

"అట్లనే అంటది. నేనైతే హీరో అంటున్న."

నవ్వాను. ఆ నవ్వు కోసమే రేణు అలా అంటుందని తెలుసు.

మెడికెయిడ్ కాగితాలు నింపడానికి యోగానంద్ తనే వచ్చాడు. అతను కూడా రిటైరయ్యాడు. మా ఇద్దరి పొదుపూ లక్షా ఎనభై నాలుగు వేలు. భర్తని, బయట ఉన్నాను కనుక అందులో సగం నేను ఉంచుకోవచ్చు. మిగతా సగం ఆమె కేర్‌కి ఖర్చయి రెండు వేలకి దిగాలి. అప్పుడే మెడికెయిడ్. ఇల్లు నేను ఉన్నంతకాలం ముట్టుకోరు.

"ఆ రోజు రాయించి ఉంటే?" అని అడిగాను. జవాబు తెలిసీ అడిగాను.

యోగానంద్ పెన్ను మూసి పెట్టాడు. "ఇన్నాళ్లూ కంపెనీయే ఇచ్చి ఉండేది. అది అయిపోయాక కూడా, ఎంత ఇచ్చిందో అంత మీ డబ్బు మెడికెయిడ్ లెక్కలోకి వచ్చేది కాదు. ఆ డబ్బు వదినగారి కోసం మీ చేతిలోనే ఉండేది. నేనే సరిగా చెప్పలేకపోయాను అన్నయ్యగారూ. ఆడవాళ్లు ఎక్కువ బతుకుతారని అనకుండా ఉండవలసింది."

"నువ్వు చెప్పావు. నేనే విన్నాను, ఊరుకున్నాను."

ఆమె వాటా డబ్బు ఏడాది చిల్లరలో అయిపోయింది. అప్పుడు అసలు సంగతి తెలిసింది. మేమున్న హోమ్ మెడికెయిడ్ తీసుకోదు. నా సగంలోంచి ఇంకో నాలుగు నెలలు కట్టాను. నిధి రెండు నెలలు పంపింది. అంతలో మెడికెయిడ్ ఒప్పుకునే చోట ఒక బెడ్ ఖాళీ అయిందని ఉత్తరం వచ్చింది. ఫోర్ట్‌వర్త్ దాటి, హైవే మీద నలభై ఐదు మైళ్లు.

నా కళ్లలో ప్రెషర్ ఉంది. హైవే మీద డ్రైవ్ చేయకూడదని డాక్టర్ రాసిచ్చాడు. మా వీధులు, గుడి, కేర్ హోమ్, అంతే నా ప్రపంచం.

"నాన్నా, ఊబర్ బుక్ చేస్తా నేను, వీక్లీ ట్వైస్" అంది నిధి ఫోన్లో.

"అమ్మ రోజూ తింటుందమ్మా."

"అక్కడ స్టాఫ్ ఉంటారు కదా. దే విల్ ఫీడ్ హర్."

"నోరు మూసుకుంటుంది."

"అలవాటు అవుతుంది నాన్నా. నీ మనీ మొత్తం పెట్టేస్తే ఎలా? దెన్ వాట్? నువ్వు ఎలా లివ్ చేస్తావ్? నేను ఇంకా పంపలేను నాన్నా. ఐ యామ్ సారీ. హౌస్ పేమెంట్, పిల్లలు..."

"నిన్ను అడగలేదు తల్లీ" అన్నాను. నిజంగానే అడగలేదు. దాని లెక్క తప్పు కాదు. నా దగ్గర ఉన్నది ఇంకో పది నెలలు వస్తుంది. పది నెలల తర్వాత ఆ బెడ్ ఖాళీగా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. సోమవారం తీసుకువస్తామని సంతకం పెట్టాను.

ఆదివారం ఉదయం సంధ్య వార్చుకుని, సందేహం అడగకుండానే లేచాను. మన కిరాణా కొట్ల వరసలో ఉన్న నగల దుకాణం తెరిచేదాకా కారులో కూర్చున్నాను. అక్కడి అమ్మాయి, "ఎవరికి అంకుల్, పెళ్లికూతురికా?" అంది. అవునన్నాను. బిగించడానికీ వదులు చేయడానికీ వీలుగా ఉన్న జత ఒకటి ఇచ్చింది. ధర చూస్తే పద్నాలుగేళ్ల కిందట నేను భయపడిన కూలి ఎంతో అర్థమైంది. ఒక పూట భోజనం ఖర్చు.

పెరుగన్నం తినిపించాను. ఎప్పటిలాగే తింది. రేణు రేపటికి ఆమె బట్టలు సర్దుతోంది. మూతి తుడిచాక, మంచం దగ్గర కింద కూర్చుని ఆమె సాక్సు తీయబోయాను. పెళ్లిలో సన్నికల్లు మీద పెట్టిన ఆ పాదమే. ఇప్పుడు వాచి ఉంది.

ఆమె కాలు చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఏంటండీ ఇది? పెద్దవారు, నా కాళ్లు పట్టుకుంటారేంటి?"

"మట్టెలమ్మా. పెడదామని."

"మట్టెలు మీరు పెట్టకూడదు. మా ఆయన పెట్టాలి." చీర కుచ్చెళ్లు సర్దుకున్నట్టు దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది. "మా ఆయన కొంటానన్నారు. ఇండియా వెళ్లినప్పుడు కొంటారు."

నన్ను మరిచిపోయింది, నిధిని మరిచిపోయింది, అమ్మవారి నామాలు మరిచిపోయింది. ఇది మరిచిపోలేదు.

"మీ ఆయనే పంపించారమ్మా" అన్నాను. "కొని, ఇచ్చి రమ్మన్నారు."

"నిజంగానా?"

"నిజంగానే. ఆలస్యమైందని చెప్పమన్నారు."

ఆమె ఆలోచించింది. "ఆయనకి ఎప్పుడూ ఆలస్యమే" అంది, కోపం లేకుండా. "ఏరీ?"

"కారు పార్క్ చేస్తున్నారు."

"అయితే ఆ అమ్మాయిని పెట్టమనండి. మీరు అటు తిరగండి."

నేను లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఉంగరాలు వద్దన్న రూలు రేణుకి తెలుసు. అయినా మట్టెలు నా చేతిలోంచి తీసుకుంది. వెనక సాక్సులు తీసిన చప్పుడు, తర్వాత వెండి సన్నగా బిగిసిన చప్పుడు వినిపించాయి. గోడ మీద రేపు ఆమె ఖాళీ చేయవలసిన గది నంబరు ఉంది. దాన్నే చూస్తూ ఉన్నాను.

"సరిపోయాయి" అంది మీనాక్షి. "రెండూ సరిపోయాయని ఆయనతో చెప్పండి."

"చెప్తానమ్మా" అన్నాను.