వంటమనిషిని మానిపించేశారు

వ్యాన్‌లో వంటగది అంటే ఒక పొయ్యి, ఒక చిన్న తొట్టి, నేను. ఇంకేదైనా పెట్టాలంటే నేను కిందికి దిగాలి. ఆ ఇరుకులోనే బయల్దేరినప్పటినుంచీ వండుతున్నాను. ఎవరూ వండమనలేదు. చెట్టు నీడన బండి ఆపి, తలుపు బార్లా తీసి, కూరలో ఉప్పు చూసుకుంటుంటే హాయిగానే ఉంది. అరవయ్యో పడిలో కొత్త తోడుతో ఊరిమీద పడ్డ మనిషికి ఉల్లిపాయలు తరగడం కూడా విహారంలాగే ఉంటుంది కాబోలు.

ఆయన బస్సుల మెకానిక్. రిటైరయ్యాక పాత వ్యానొకటి కొని, మంచం, అలమర, పొయ్యి తన చేతులతోనే బిగించి క్యాంపర్ వ్యాన్‌గా మార్చుకున్నాడు. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేసేదాన్ని. ఈయన ఒకసారి పరీక్షకొచ్చి, సూది చూడగానే కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిపోయాక చెప్పండి, అప్పుడు ధైర్యంగా ఉంటాను" అన్నాడు. మా ఆయన పోయాక నేను మనసారా నవ్వింది ఆ రోజే. తర్వాత ఏ పరీక్షా లేకుండానే రావడం మొదలుపెట్టాడు.

ఈ ప్రయాణం వాళ్ళక్కగారి వ్యవసాయ క్షేత్రానికి. ఆవులు, పండ్లతోట, చివర్న ఖాళీగా ఉన్న చిన్న ఇల్లు. "చూడండి. నచ్చితే ఇద్దరం అక్కడే ఉండిపోదాం. నచ్చకపోతే మిమ్మల్ని మీ గుమ్మంలో దింపేస్తాను" అన్నాడు. జవాబు అక్కడికెళ్ళాక చెప్తానన్నాను. మా అమ్మాయి ఫోన్‌లో "బాగా ఆలోచించుకో అమ్మా" అంది. మొగుడు పోయాడు కానీ, కాపురం నా ఒంట్లోంచి పోలేదు. ఆలోచించక ఏం చేస్తాను!

మా ఆయన చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తలేదు, గొంతు పెంచలేదు. పొగిడేవాడు, అంతే. "మా ఆవిడ చేతిలో ఏదో మహత్యం ఉందండీ, పదిమందొచ్చినా చిటికెలో చేసేస్తుంది" అని ఆఫీసులో అనేవాడు. ఆదివారం ఆ పదిమందీ వచ్చేవారు. అత్తగారు ఇంకో మెట్టు పైన. "మా కోడలికి కూర్చోవడమే తెలీదమ్మా" అని ఇరుగుపొరుగుకి మురిపెంగా చెప్పేది. తెలీక కాదు, కుర్చీలన్నిట్లోనూ చుట్టాలుండేవారు. ల్యాబ్‌లోనూ ఇదే తంతు. ఏ డాక్టరు పుట్టినరోజయినా "మేడమ్ అయితే సమానంగా కోస్తారు" అని కేకు ముందు నన్ను నిలబెట్టేవారు. అందరికీ పంచి వచ్చేసరికి నాకు మిగిలేది అట్టకంటిన క్రీము. మెచ్చుకోలు వినపడగానే నా నడుం దానంతటదే లేచేది. మునగచెట్టు ఎక్కిస్తారంటారే, నేను ఆ చెట్టుమీదే ముప్పై ఏళ్ళు కాపురం చేశాను.

నిన్న మధ్యాహ్నం ఈయన గిన్నెలు కడుగుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, "ఈవిడ చేతి వంట ఒక్కసారి తిన్నావంటే ఇంక వదలవక్కా" అన్నాడు. అబద్ధమెందుకు, నాకు సంతోషమే వేసింది. ఆ సంతోషం వెనకాలే నడుం కలుక్కుమంది.

ఈ సాయంత్రం మా బండి క్షేత్రం లోపలికి వెళ్ళేసరికి అక్కగారు పశువుల కొట్టం దగ్గర్నుంచి మోకాళ్ళు పట్టుకుంటూ ఎదురొచ్చింది. పెద్ద చేతులు, పెద్ద నవ్వు. నన్ను గట్టిగా కావలించుకుంది. తమ్ముడు ట్రాక్టర్ కిందికి దూరిపోతే, నన్ను చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. పొడుగు బల్ల, బెంచీలు, ఇద్దరు పట్టి దించాల్సినంత పెద్ద గిన్నెలు. మేకుకి కొత్త ఏప్రన్ వేలాడుతోంది.

"నీకని కొన్నానమ్మా. జేబు కూడా ఉంది చూడు. తమ్ముడు ఫోన్ చెయ్యగానే వంటమనిషిని మానిపించేశాను. ఇంటిమనిషి వస్తుంటే ఇంక బయటిమనిషి ఎందుకు? చీకటి పడగానే పనివాళ్ళు ఆకలో అంటూ వచ్చేస్తారు."

ఆమె ముఖంలో కపటం వెతికాను. ఉంటే పోట్లాడేదాన్ని. లేదు. నన్ను సొంతం చేసుకుంటున్నాననే అనుకుంటోంది పాపం. జీతమున్న మనిషిని తీసేసి, పొగడ్త మీద పనిచేసే మనిషిని పెట్టుకుంటున్నానని ఆమెకి తట్టనే లేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈలోగా నా చేతులు నన్నడక్కుండానే ఏప్రన్ తగిలించుకుని, వెనక ముడి వేస్తున్నాయి.

అప్పుడే ఆయన చేతికి గ్రీజుతో లోపలికొచ్చాడు. "అప్పుడే మొదలెట్టేశారా! చూశావా అక్కా, నేను చెప్పలేదూ?"

గొంతు వేరు, మాట అదే. నా చేతులు ముడి దగ్గర ఆగిపోయాయి.

"వంటమనిషి ఇల్లెక్కడ?" అని అడిగాను.

"తోట దాటి, వంతెన పక్కన. ఎందుకమ్మా?"

"మళ్ళీ రమ్మని అడగడానికి. నేను ఈ ఊరు చూడటానికొచ్చాను వదినా, వండటానికి కాదు."

అక్కగారు తమ్ముడి వంక చూసింది. ఆయన ముఖం కందిపోయింది. "తప్పు నాదేనండీ. ఫోన్‌లో వాగింది నేనే. నేనెళ్ళి తీసుకొస్తాను."

"మీరెళ్తే ఇక్కడ వండేదెవరు?" ఏప్రన్ విప్పి ఆయన మెడలో వేశాను. "వచ్చేవాళ్ళు ఆకలితో వస్తారట."

"నాకు వంట రాదు కదండీ!"

"నాకూ పుట్టగానే రాలేదు."

అక్కగారు మెల్లగా బెంచీ మీద కూలబడి, మోకాళ్ళు చాపుకుని, "ముందు ఆ గ్రీజు కడుక్కో తమ్ముడూ. ఉప్పు పై అరలో ఉంది" అంది.

వ్యాన్ తాళంచెవి కోసం ఆయన ముందు చెయ్యి చాపాను. ఏప్రన్ పక్కకి తప్పించి, జేబులోంచి తీసి ఇచ్చాడు. దారిలో తను పక్కన నిద్రపోతుంటే ఈ బండి నేనే నడిపాను, భయం లేదు.

వంటమనిషి ఇంటి ముందు తీగమీద బట్టలు తీస్తోంది. నన్ను చూసి దుప్పటి భుజాన వేసుకుని, "నన్ను మానిపించింది మీ కోసమే కదూ?" అంది.

"అవును. రేపటినుంచి మళ్ళీ వస్తారా? మీకిష్టమైతేనే."

"జీతం పెంచితే చూస్తాను."

"గట్టిగా అడగండి. నేనూ మీ పక్కనే నిలబడతాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీకు వంట రాదేమిటి?"

"బ్రహ్మాండంగా వచ్చు. అదే నా కొంప ముంచింది."

ఆమె పకపకా నవ్వింది. గుమ్మం మెట్టు మీద దుమ్ము దులిపి కూర్చోమంది. కూర్చున్నాను. మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఆమె కూడా పక్కనే చతికిలబడింది.

"ఇంతకీ మీరిక్కడ ఉంటారా, వెళ్ళిపోతారా?"

"ఈ పూట ఆయన వండుతున్నాడు," అన్నాను. "తిని చెప్తాను."