బరువు ముందా, వయసు ముందా

ఆడపడుచు పిలిచే పిలుపు ఆఫీసుకి కూడా పాకి, పై అధికారి సైతం ఆమెని వదినగారూ అనేవాడు. ఆ వదినకి సోమవారం ఉదయం, కాఫీ చల్లారేలోపు, అనుమానం పట్టుకుంది.

నాలుగేళ్ల కిందట ఆమె, ఆడపడుచు కలిసి ఒక లైబ్రరీ రాశారు. పుస్తకాల లైబ్రరీ కాదు. పసిపిల్లలకి మందు ఎంత ఇవ్వాలో లెక్కకట్టే కోడ్. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమ ఆసుపత్రి ప్రోగ్రాములో పెట్టుకోవచ్చు, ఎవరైనా మార్పు సూచించవచ్చు. పిల్లల వార్డులో నర్సుగా పనిచేసే ఆడపడుచు నోటితో చెబితే, వదిన కోడ్ రాసింది. బిడ్డ వయసు నెలల్లో, బరువు కిలోల్లో, ఆ వరసలో రెండంకెలు ఇస్తే మోతాదు చెబుతుంది. అలా అడిగే లైన్‌ని పిలుపు అంటారు. చిన్న పిలుపు, చక్కని పిలుపు అని వదినకి లోలోపల గర్వం.

ఆ పిలుపుకే ఎసరు పెట్టారు. మిణుగురు అనే మారుపేరు మనిషి ఒక మార్పు పంపాడు: ఉత్త అంకెలు ఇస్తే కుదరదు, ఏది వయసో ఏది బరువో పేరు రాసి మరీ ఇవ్వాలి. ఇది చేరితే ఇప్పటిదాకా ఈ లైబ్రరీ వాడుతున్న ప్రతి ఆసుపత్రిలోనూ పాత లైన్లు ఆగిపోతాయి. పావుగంట తిరక్కుండా గవ్వ అనే ఇంకో మారుపేరు మనిషి దాని కింద "సరే" అని రాసింది. నలభై చోట్ల మారిన కోడ్‌ని పావుగంటలో చదవడం ఎవరి తరం?

వదిన వెనక్కి వెళ్లి తవ్వింది. ఇద్దరూ ఒకే నెలలో వచ్చారు. ఇద్దరూ చిన్నచిన్న అచ్చుతప్పులు దిద్ది, మార్పుల్ని సరిచూసే రివ్యూలో మాట చెల్లే అర్హత సంపాదించారు. ఆ అర్హత ఉన్నవాళ్లు ఇద్దరు సరే అంటే మార్పు చేరిపోతుందన్నది లైబ్రరీ నియమం. మిణుగురు ఎలాగూ సొంత మార్పుకి సరే అంటాడు. ఆ లొసుగు మూయనిది తనే. శుక్రవారం కొత్త వెర్షన్ విడుదల. ఇద్దరూ ఒక్కరే అయితే, మంచి మాటలు చెప్పి ఇల్లు చేరిన దొంగ పసిపిల్లల మందు మీద చెయ్యి వేసినట్టే.

మార్పుని ఆపి, అందరూ చూసేలా అడిగేసింది: మీరిద్దరూ ఒక్కరేనా?

 మధ్యాహ్నానికి గవ్వ జవాబిచ్చింది.

"కాదు. ఒక్కరమే అయితే మాత్రం, మీరు పెట్టిన వరస మంచిదైపోతుందా?"

వదినకి ఒళ్లు మండింది. తప్పు దొరికినవాడే ఎదురు ప్రశ్న వేస్తాడని ఆమె నమ్మకం. పట్టుకోవడానికి పాత పద్ధతి ఒకటి తీసింది. రివ్యూలో పేచీ వస్తే, లైబ్రరీ వాడేవాళ్లు రాసే లైన్ ముందు రాసి చూపించాలన్నది ఆమె పెట్టిన ఆనవాయితీయే. ఇద్దరికీ విడివిడిగా ఒకే ప్రశ్న పంపింది: పదహారు నెలల బిడ్డ, తొమ్మిది కిలోలు, జ్వరం మందు. ఏ కాగితమూ చూడకుండా పిలుపు రాయండి.

బుధవారానికి రెండు జవాబులూ వచ్చాయి. రెండింట్లోనూ ముందు తొమ్మిది, తర్వాత పదహారు. ఇద్దరూ తలకిందులే.

డ్యూటీ దిగి వచ్చిన ఆడపడుచు బూట్లు విప్పుతుంటే, వదిన లాప్‌టాప్ తిప్పి చూపించింది. ఇద్దరు మనుషులు ఒకే తప్పు ఎలా చేస్తారు, ఒకే చెయ్యి కాబట్టి చేసింది అంది. ఆడపడుచు ఒక బూటు కాలికుండగానే వంగి చదివింది.

"ఇందులో తప్పేముంది వదినా?"

వదిన తెల్లబోయింది. నువ్వు రాయి చూద్దాం అని కీబోర్డు ముందుకి తోసింది. ఆడపడుచు ఒంటి వేలితో వెతుక్కుంటూ కొట్టింది. తొమ్మిది, పదహారు.

వార్డులో మందు రాసేటప్పుడు ముందు బరువే చెబుతారట. వయసు అడిగేది చీటీ రాసే కిటికీ దగ్గర. వదిన ఆ చీటీ నమూనా చూసుకుని వరస పెట్టింది. నాలుగేళ్లలో ఆడపడుచు చెప్పడమే గాని, ఒక్కసారి కూడా తన చేత్తో ఆ లైబ్రరీని పిలవలేదు. పిలిచి చూడమని వదినా అడగలేదు.

"అయితే మూడో దొంగని నేనే. పోలీసుల్ని పిలువు," అంది ఆడపడుచు.

వదిన నవ్వలేదు. రెండూ అంకెలే కాబట్టి కంప్యూటరు నోరెత్తదు. తొమ్మిది కిలోల బిడ్డని పదహారు కిలోల బిడ్డ అనుకుని మోతాదు చెబుతుంది. నర్సు కంటికి ఆనితే సరే, ఆనకపోతే?

ఆసుపత్రులు అందరికీ కనిపించేలా బయట పెట్టిన కోడ్‌లన్నిట్లో తన లైబ్రరీని పిలిచే లైన్లు వెతకడం మొదలుపెట్టింది. పన్నెండో లైన్ దాకా సరిగ్గానే ఉన్నాయి. పదమూడోది ఎక్కడో ఒక చిన్న క్లినిక్‌ది. అక్కడ బరువు ముందుంది.

 ఆ లైన్ రాసినవాళ్లకి వదిన వెంటనే ఈమెయిల్ పెట్టింది: వాడకం ఆపండి, ఇచ్చిన మందులు చూసుకోండి, తప్పు మీది కాదు, నాది. ఆడపడుచు ఆ క్లినిక్ కోడ్ పేజీలో దొరికిన ఫోన్ నంబరుకి చేసి, ఎత్తిన మనిషితో వార్డు భాషలో మాట్లాడింది. రెండు వారాల కిందటే పెట్టారట. మోతాదు ఎక్కువగా ఉందని ఇద్దరు నర్సులకి అనుమానమొచ్చి, చేత్తో లెక్క కట్టుకుని ఇస్తున్నారట. అందరూ అలాగే చేశారో లేదో చూసి చెబుతామన్నారు.

అందరూ చూసేలా వదిన మిణుగురుకీ గవ్వకీ క్షమాపణ రాసింది. మార్పు సరైనదేనని ఒప్పుకుంది. కాని నియమం మార్చింది: ఎవరు పంపిన మార్పుకి వాళ్ల సరే చెల్లదు, ఆ ఇద్దరి సరేలనీ ఒక్కటిగానే లెక్కిస్తాం, రెండోది వార్డులో పనిచేసేవాళ్లది కావాలి.

"క్షమాపణ చెప్పి మళ్లీ ఇదేమిటి?" అంది ఆడపడుచు.

"వాళ్ల లైన్ నిజం. వాళ్లెవరో నాకింకా తెలీదు," అంది వదిన, కుర్చీ జరిపి ఆమెకి చోటిస్తూ. "నువ్వు చదువు. నలభై చోట్లూ. పావుగంటలో కాదు."

ఆడపడుచు రెండో బూటు విప్పి కూర్చుంది. క్లినిక్ నుంచి ఫోన్ ఇంకా రాలేదు.