పోపుల డబ్బాలో మెమరీ

పిల్లను బడికి పంపి, అంట్లు తోమి, పూర్ణిమ కంప్యూటర్ ముందు కూర్చుంది. అరవై పేజీల పెళ్లి ఆల్బం తయారుచేయాలి. ఇరవై రెండో పేజీలో పెళ్లికూతురి మీద తలంబ్రాలు పోస్తుండగా తెర బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెట్టినా అక్కడే, తలంబ్రాలు గాల్లోనే. మూడోసారికి పూర్ణిమకు ఒళ్లు మండింది.

"దొంగలు వడ్డ ఇంట్ల మిషిన్ గిట్ల గాక ఎట్ల నడుస్తది!" అంది, అవతలి వాళ్లకు వినపడేటట్టు.

హాలు మధ్య గోడ ఒక వరస పైకి లేచింది.

మూడేళ్ల కిందట అన్నదమ్ములు గోవర్ధన్, మహేష్ వేరుపడ్డప్పుడు, మామిడిపల్లిలోని ఆ ఇంట్లో మేస్త్రీ మోకాలెత్తు గోడ కట్టి వెళ్లిపోయాడు. మిగతాది తోటికోడళ్లు కట్టుకున్నారు, నోటితో. ఉత్త సణుగుడుకు లేవదు. గుండెలో దిగే మాటయితేనే ఒక వరస ఇటుక. అవతల పెద్దకోడలు స్వరాజ్యం అన్నా అంతే, ఇవతల చిన్నకోడలు పూర్ణిమ అన్నా అంతే. ఎదురింటి భారతమ్మకూ కోడలికీ మధ్య కూడా నడుమెత్తు గోడ ఉంది, దాని మీద ఆమె పచ్చడి జాడీలు పెట్టుకుంటుంది. ఇక్కడ మాత్రం పైకప్పు కింద రెండు వరసల సందే మిగిలింది.

ఆ కంప్యూటర్ ఇద్దరు అన్నదమ్ములదీ. సికింద్రాబాద్ నుంచి సామాను ఒక్కొక్కటే తెచ్చుకుని, నేల మీద దుప్పటి పరిచి వాళ్లే బిగించుకున్నారు. పంపకాల్లో అది తమ్ముడికొచ్చింది, ఫ్రిజ్ అన్నకు పోయింది. కానీ పంపకాలు చేసిన పెద్దమనిషి అనంతయ్యకు ఒక నియమం ఉంది, జతగా ఉన్నదేదైనా చెరొకటి. బిందెలు అట్లాగే పంచాడు, మంచాలూ అంతే. కంప్యూటర్ మూత తీయించి చూస్తే లోపల పక్కపక్కనే ఒకే తీరు మెమరీ పలకలు రెండు. "ఇవి గూడ జతనే గద, చెరొకటి," అన్నాడు. ఒకటి పీకినా మిషను నడిచింది కనుక ఎవరూ కాదనలేదు. పూర్ణిమ మాత్రం ఊరుకుంటేనా! "తీస్కపోయి పోపుల డబ్బల వెట్టుకో అక్కా, తాలింపుకు పనికొస్తది," అంది. స్వరాజ్యం పంతం పట్టి పోపుల డబ్బాలోనే పెట్టుకుంది.

ఫోన్ మోగింది. శంషాబాద్ స్టూడియో ఉపేందర్.

"నాలుగింటికల్లా ప్రెస్సుకు పంపాలె. ఇయ్యాల గాకుంటే ఇగ నీకు ఒక్క ఆల్బం గూడ ఇయ్య, చెప్తున్న."

ఆ పని ఉంది కాబట్టే ఆ ఇంట్లో పూర్ణిమ మాట చెల్లుతోంది. అది పోతే తానేమిటో ఆమెకు తెలుసు, భయం వేసింది. ఇంత పెద్ద ఆల్బంకు ఉన్న ఒక్క పలక చాలదని, ఇంకో మెమరీ కోసం దుకాణాలకు ఫోన్ చేసింది. ఆ రకం పాతబడిందట, తెప్పించడానికి నాలుగు రోజులు పడుతుందట.

రాత్రంతా ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపొచ్చి పడుకున్న భర్త మహేష్‌ను లేపింది. "నువ్వు అడుగరాదు? మీ అన్ననే గద!"

"మా అన్నతోని నాకేం లొల్లి? రోజూ చాయ్ కలిసే తాగుతం. నోరు జారింది నువ్వు. నువ్వే అడుగు," అని అటు తిరిగి పడుకున్నాడు.

పూర్ణిమ గోడ దగ్గర స్టూలెక్కింది.

"అక్కా, ఆ మెమరీ జర ఇయ్యి. పని కాంగనే మల్ల ఇస్త."

"ఎవరది? దొంగల ఇంటికి అడుక్కోనొచ్చింది ఎవరు?" అవతల స్వరాజ్యం చేతిలో గరిటె ఠంగున మోగింది. "మూడేండ్లకు యాదికొచ్చిన్నా అక్కను?"

"మర్యాదగనే అడిగిన గద!"

"నీకు మర్యాద గూడనా? మా బాపు సచ్చిపోతే, గా గోడ మీదికెల్లి ఒక్క మాట అడగకపోతివి!"

అది నిజం. నిజం కాబట్టే పూర్ణిమ గుండెలో దిగింది, గోడ ఒక వరస లేచింది. ఇక మిగిలింది ఒక్క వరస సందు. గరిటె చప్పుడు ఆగిపోయింది. ఇంకొక్క మాటకు ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

పూర్ణిమ నాలుక మీద ఏడు జవాబులున్నాయి. ఏడింటినీ మింగింది. సందులోంచి చెయ్యి అటువైపు చాపి నిలబడింది. చెయ్యి తిమ్మిరెక్కింది. చాలాసేపటికి అవతల డబ్బా మూత చప్పుడైంది, స్టూలు జరిపిన చప్పుడైంది, అరచేతిలో పలక పడింది.

దాని పసిడి పళ్లకు పసుపు పట్టి ఉంది. పూర్ణిమ పిల్ల పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దింది. ప్లగ్గు పీకి, ఒంట్లో కరెంటు దిగిపోవడానికి ముందు కంప్యూటర్ డబ్బా ఇనుమును ముట్టుకుని, పలకను గాడిలో నొక్కింది. తెర వెలగలేదు, లోపల కుయ్యిమంది అంతే. పీకి చూస్తే గాడిలో ఒక ఆవగింజ. ఊది మళ్లీ నొక్కితే రెండు వైపులా టక్కుమంది. గాల్లో ఆగిన తలంబ్రాలు గలగలా రాలాయి. మూడున్నరకల్లా ఆల్బం వెళ్లిపోయింది.

"మస్తుంది. ఇంకో రెండు పంపుతున్న," అన్నాడు ఉపేందర్.

మహేష్ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఇచ్చిందా వదిన?"

ఇచ్చింది అంటే సరిపోయేది. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా విమానం దిగుతోంది. ఆ మోతలో అన్న మాటకు పాపం లేదని, గోడ లేవదని ఆ కాలనీ ఆడవాళ్ల నమ్మకం. ఎంతమంది అత్తలను, ఎంతమంది ఆడబిడ్డలను ఆ మోత కింద తిట్టుకున్నారో!

"ఇయ్యక సస్తదా? మూడేండ్లు దొంగసొమ్ము మీద పొదిగి కూసున్నది!" అంది పూర్ణిమ, గెలిచిన ఊపులో.

గోడలకు చెవులుంటాయని ఊరికే అనలేదు పెద్దలు. విమానం దాటిపోయింది. స్వరాజ్యం ఎప్పుడు స్టూలెక్కిందో ఏమో, ఆమె కళ్లు సందులో కనిపించాయి. మూడేళ్లలో మొదటిసారి పేరు పెట్టి పిలిచింది.

"పూర్ణిమా, పనిజేస్తుం..."

విమానం మోతలో పూర్ణిమ అన్న మాటకు చివరి వరస లేచి పైకప్పుకు ఆనుకుంది.

పూర్ణిమ స్టూలెక్కి ఇటుకలకు నోరు ఆనించింది. "పనిజేస్తుంది అక్కా," అంది. ఇంకోసారి గట్టిగా అంది, గోడను చేత్తో కొట్టి మరీ అంది. అటువైపు నుంచి ఆ తర్వాత ఎన్నడూ మంచి మాటా రాలేదు, తిట్టూ రాలేదు.