ఒకే డబ్బాలో నాలుగు డిస్కులు

ఆ ఎండాకాలం సుదర్శన్‌కు పెళ్లిళ్లంటేనే విరక్తి పుట్టింది. సూర్యాపేట బస్టాండు వెనక అతని వీడియో మిక్సింగ్ షాపు. క్యాసెట్‌లో తీసిన పెళ్లిని కంప్యూటర్‌కెక్కించి, పూలూ పాటలూ కలిపి మళ్లీ క్యాసెట్ చేసివ్వడం పని. 1998 వైశాఖంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కంప్యూటర్‌లో ఉన్న డిస్కు రెండు పెళ్లిళ్లకే నిండిపోతోంది. పెద్దది కొనక తప్పదు, ఏది కొనాలో తెలిసి చావదు.

అడగడానికి మిర్యాలగూడ పోయాడు. అక్కడ రైస్‌మిల్లు రాధాకృష్ణ సేటు మిల్లు లెక్కలన్నీ కంప్యూటర్‌లో పెట్టి, ఊరందరికీ సలహాలిస్తుంటాడు.

"డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డులు రెండు తీస్కో, డిస్కులకు రెండు డబ్బాలు తీస్కో. ఇండ్ల ఉన్నదే అండ్ల గూడ ఉంటది. ఒకటి సచ్చినా ఇంకోటి బతుకుతది," అన్నాడు సేటు.

"గట్లయితే సగం జాగ ఉత్తగనే పాయె గద సేటూ!"

"పోతె పోనీ. నిమ్మలంగ నిద్ర పడతది."

ఈయన నిద్ర ఈయనకు ముఖ్యం, నా ముహూర్తాలు ఎవడు చూస్తాడు అని గొణుక్కుంటూ సుదర్శన్ కోదాడ బస్సెక్కాడు. అక్కడ మిక్సింగ్ చేసే శంకర్ నవ్వేశాడు.

"ఒక్క కార్డు, ఒక్క డబ్బా చాలండీ. నాలుగు డిస్కులూ కలిపేసి ఒకే పెద్ద డిస్కులాగా వాడుకోండి. బొమ్మ ఎక్కడా ఆగదు, చోటంతా మీదే. మేం వాడట్లేదా?"

మాట చెవికింపుగా ఉంది. పైగా బస్సు కుదుపులకు నడుం పట్టేసింది, ఇంకొకరిని అడిగే ఓపిక లేదు. శంకర్ చెప్పిందే తెప్పించాడు.

కంప్యూటర్‌కెక్కించగానే అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీయడం ఆ వ్యాపారంలో అందరూ చేసేదే. పాలకీడు దగ్గరి తండాలో జరిగిన జమ్లీ అనే లంబాడీ పిల్ల పెళ్లి కూడా అలాగే క్యాసెట్ మీద చెరిగిపోయి, డిస్కుల డబ్బాలో మాత్రమే మిగిలింది. డబ్బా వెనక ఫ్యాను ఆగిపోతే ఎవరూ చూసుకోలేదు. ఆ వేడికి ఒక డిస్కు మాడిపోయింది. ప్రతి పెళ్లీ ముక్కలై నాలుగు డిస్కుల్లోనూ సర్దుకుని ఉంది కనుక, బాగున్న మూడూ దేనికీ పనికిరాలేదు.

మిగతా పెళ్లివాళ్లు నోటికొచ్చినట్టు తిట్టి, ఫోటోలతో సరిపెట్టుకున్నారు. జమ్లీ తల్లి శాంతాబాయికి మాత్రం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె అడిగేది ఒక్కటే. అత్తారింటికి పోయేముందు బిడ్డ తన మెడ పట్టుకుని పాడిన ఏడుపు పాట. తండాల్లో పెళ్లికూతుళ్లందరూ పాడేదే, ఢావ్లో అంటారు.

"ఇంకేం వద్దు సారూ, గా పాటొక్కటియ్యి. పిల్ల పోయినంక ఇంట్ల ఉండబుద్ధయితలేదు. ఇంటుంట."

వచ్చే వారం అని తప్పించుకునేవాడు. అన్న ప్రతిసారీ తన మీద తనకే అసహ్యం వేసేది.

శ్రావణంలో శాంతాబాయి జమ్లీని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. సుదర్శన్‌కు ఇక అబద్ధమాడే ఓపిక కూడా లేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. శాంతాబాయి షాపు మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్వకు యాడీ," అని తల్లిని లేపి, జమ్లీ అతని వైపు తిరిగింది. "కెమెరా పట్టు అన్నా. మల్ల పాడుత."

"ఇప్పుడెట్ల పాడుతవమ్మా? గప్పటి ఏడుపు ఇప్పుడొస్తదా?"

"గప్పుడు ముసలోళ్లు నేర్పితె ఏడ్సిన. ఇప్పుడు నేర్పేటోళ్లు అక్కర్లేదు."

కూతురు తన కోసం సరదాగా అంటోందనుకుని శాంతాబాయి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. సుదర్శన్ కెమెరా భుజానికెత్తాడు. జమ్లీ, తల్లి మెడ చుట్టూ చేతులు వేసి మొదలుపెట్టింది. లంబాడీ మాటలు అతనికి సగమే తెలుసు. నాయననూ, అన్నలనూ, గొడ్లనూ పేరుపేరునా పిలిచి వదిలిపోతున్నాననే పాట. నడుమ ఎక్కడో పాట దారి తప్పింది. అత్తింట్లో అన్నం పెట్టరని, తలుపేసి కొడతారని పాటలో ఉండదు. అది అతనికి కూడా అర్థమైంది. గొంతు ఆగిపోయినా పిల్ల ఏడుపు ఆగలేదు.

ఓదారుస్తూ తల్లి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. జమ్లీ చురుక్కుమన్నట్టు ముడుచుకుంది. శాంతాబాయి కొంగు జరిపి వీపు చూసింది. దెబ్బల వాతలు తేలి ఉన్నాయి.

"బంద్ చెయ్యి సారూ."

సుదర్శన్ కెమెరా దించాడు. "క్యాసెట్..." అన్నాడు.

"పాటెందుకిగ? బిడ్డెనే తోల్కపోతున్న," అని జమ్లీ చెయ్యి పట్టుకుని ఆమె మెట్లు దిగింది.

బస్టాండులో జమ్లీ అత్తగారి ఊరి బస్సు హారన్ కొడుతోంది. తల్లీకూతుళ్లు దాన్ని దాటిపోయి పాలకీడు బస్సెక్కారు.