లాప్‌టాప్ చల్లారే లోపు

ఆ దుకాణంలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఐస్‌గడ్డ. నిప్పులు కక్కుతూ వచ్చిన లాప్‌టాప్ ఏదైనా అతని బల్ల మీద ఒక పూట ఉంటే చల్లబడిపోయేది, అందుకని ఆ పేరు వచ్చిందని యజమాని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు. మనిషి బెల్లం కొట్టిన రాయిలా ఉలకడు పలకడు, అందుకని వచ్చిందని తోటి మెకానిక్కులు చెప్పుకునేవారు. రెండూ నిజమే. ఫ్యాన్ ఎందుకు గొణుగుతోందో మూత తీయకుండానే చెప్పేసే మనిషికి, ఎదుటి మనిషి ఎందుకు మూతి ముడుచుకుందో మాత్రం అంతా అయిపోయాక గాని తెలిసేది కాదు.

అతనికి పెళ్ళయింది కూడా లాప్‌టాప్ వేడి పుణ్యమే. ముట్టుకుంటే చెయ్యి కాలుతోందని ఒకమ్మాయి తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. చల్లారాలి, అప్పుడు విప్పుతాను అన్నాడు. అది చల్లారే లోపు ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని తన ఉద్యోగం గురించి, తన ఇంటివాళ్ళ గురించి, ఇందాక బస్సులో తన కాలు తొక్కినవాడి గురించి అన్నీ చెప్పేసింది. అతను విన్నాడు. వినడం అతనికి బాగా వచ్చు. కొన్నాళ్ళకి ఆమె ఏ జబ్బూ లేని లాప్‌టాప్ పట్టుకుని మళ్ళీ వచ్చింది. చెయ్యి పెట్టి చూసి, ఇది వేడిగా లేదు కదండీ, ఎందుకు తెచ్చారు అని అడిగాడు మహానుభావుడు. పెళ్ళయ్యాక ఆమె ఆ ముచ్చట చుట్టాలందరి ముందూ చెప్పి అతన్ని ఏడిపించేది. అతను చెవులు ఎర్రబడేలా నవ్వేవాడు.

ఆమె పని ఇంకా కట్టని ఇళ్ళకి వీడియోలు చేయడం. బిల్డరు ప్లాను ఇస్తే, ఆ ఇంటిని తెరమీద కట్టేసి, తలుపు తోసుకుని గదిలోంచి గదిలోకి నడుస్తున్నట్టు చూపించేది. కిటికీలోంచి సోఫా మీద పడే ఎండ కూడా ఆమే వేసేది. దానికి గట్టి గ్రాఫిక్స్ కావాలి. బిల్డర్ల ఆఫీసులకి మోసుకెళ్ళాలి కాబట్టి బరువు ఉండకూడదు. వెతికి వెతికి ఆటలాడేవాళ్ళ కోసం చేసిన పల్చటి లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంది. తను మటుకు జన్మలో ఒక్క ఆట ఆడి ఎరగదు.

పలకంత మందం లేని దాంట్లో అంత శక్తి కుక్కితే ఏమవుతుంది? ఉదయం పూట డైనింగ్ టేబుల్ మీద ఆమె ఒక గదికి రంగులు వేయడం మొదలుపెట్టగానే రెండు ఫ్యాన్లూ గోల లంకించుకునేవి. ఇంకాసేపటికి కీబోర్డు సెగలు కక్కేది, తెరమీద నడక నత్తనడక అయ్యేది. ఆమె దాన్ని నాలుగు తిట్లు తిట్టి, కిటికీ దగ్గర రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, వాటి మీద దాన్ని పడుకోబెట్టి బాల్కనీలోకి వచ్చేది. దుకాణం ఆలస్యంగా తెరిచేవాళ్ళు కాబట్టి పొద్దుటి పూట అతను ఇంట్లోనే ఉండేవాడు. ఫ్యాన్ గోల పెరగడం వినగానే టీకి నీళ్ళు పెట్టేవాడు. ఆమె వచ్చి కూర్చునేసరికి కప్పు చేతిలో ఉండేది.

వాళ్ళ సంసారమంతా ఆ బాల్కనీలోనే జరిగింది. ఆమె తల్లికి కంటి ఆపరేషన్ చేయించాలని, ఇల్లు మారొద్దని, అతని అన్నయ్యతో తెగిన మాటలు మళ్ళీ కలుపుకోవాలని, అన్నీ అక్కడే అనుకున్నారు. మాట్లాడేది ఆమే. ఊఁ కొట్టేది అతను. కానీ కప్పు ఖాళీ అయ్యే వేళకి ఎక్కడో ఒక మాట అతని నోట్లోంచి కూడా రాలేది. ఆ ఒక్క మాట కోసమే ఆమె అంతసేపు మాట్లాడుతోందని అతనికి తట్టలేదు. లాప్‌టాప్ చల్లారడం కోసం కూర్చుందనే అనుకున్నాడు.

ఒకరోజు బిల్డరుతో మీటింగులో ఫ్యాన్ గోలకి తన మాటే వినబడలేదని, తల కొట్టేసినట్టయిందని ఆమె చెప్పింది. లోకంలో వాళ్ళందరి లాప్‌టాప్‌లూ బాగుచేస్తావు, ఇంట్లో దాన్ని మాత్రం పట్టించుకోవు అని దెప్పింది కూడా. అతను ఆ సెలవు రోజంతా దాని ముందు కూర్చున్నాడు. అడుగు రేకు విప్పి దుమ్ము దులిపాడు. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోయి పెళుసెక్కితే గీకేసి కొత్తది పూశాడు. ప్రాసెసర్‌కి అందే వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గిస్తూ, అది తడబడిన చోట ఒక మెట్టు వెనక్కి వచ్చాడు. ఈ పనిలో బరువు మోసేది గ్రాఫిక్స్ కాబట్టి, ఊరికే ఎగిరిపడే ప్రాసెసర్ ముక్కుకి తాడు వేశాడు. వేడి పెరిగేకొద్దీ ఫ్యాన్ వేగం ఎలా పెరగాలో చూపించే గీత ఒకటి ఉంటుంది. దాన్ని నిట్టనిలువుగా లేవకుండా వాలుగా సర్దాడు. చార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆగేలా, ప్లగ్గు పీకితే పెద్ద గ్రాఫిక్స్ నిద్రపోయేలా పెట్టాడు. సాయంత్రం ఆమె అదే ఇంటిని అదే తెరమీద నడిపించి చూసింది. ఫ్యాన్ ఉన్న సంగతే తెలియలేదు. అబ్బ, ఇది నాదేనా అంది. తను చేసిన పనుల్లో అతను అంతగా మురిసిపోయింది దీనికే.

మర్నాడు పొద్దున అలవాటుగా టీ పెట్టి బాల్కనీలో కూర్చున్నాడు. ఆమె రాలేదు. లోపలికి వెళ్ళి కప్పు టేబుల్ మీద పెట్టాడు. తెరమీంచి చూపు తిప్పకుండా ఎడమ చేత్తో తాగింది. ఆ తర్వాతి రోజూ అంతే. మొదట్లో అతనికి అది గెలుపులాగే తోచింది. మధ్యలో ఆగక్కర్లేదంటే తన సర్దుబాటు ఎంత బాగుందో చూడమన్నట్టు తనలో తనే పొంగిపోయాడు. పని వేగంగా అవుతుంటే పని ఎక్కువ వచ్చింది. బ్యాటరీ ఎక్కువసేపు ఆగుతుంటే ఆమె కూడా బయట ఎక్కువసేపు ఉండసాగింది. గిన్నెలు రెండూ వంటింట్లో తమ చోటికి వెళ్ళిపోయాయి. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. దాన్ని చేతులారా చేసుకున్నది తనేనని తెలియడానికి అతనికి చాలాకాలం పట్టింది.

తెలిసింది కూడా మూడోవాళ్ళ వల్ల. ఆమె ఫోను ఇంట్లో మర్చిపోయి వెళ్తే, మోగిందని తీశాడు. బిల్డరు హెడ్డాఫీసు మేనేజరు. మేడమ్ ఉద్యోగం సంగతి ఏమనుకున్నారో కనుక్కుందామని చేశాను సార్, ఇక్కడ ఉండడానికి గది కూడా చూసిపెట్టాం అన్నాడు. ఆ హెడ్డాఫీసు ఉన్నది వేరే ఊళ్ళో. ఆదివారాలు వచ్చిపోవాలంటేనే గగనం. సాయంత్రం ఆమె వచ్చాక, ఎవరో చేశారు అని ఫోను అందించాడు. ఆమె చూసుకుని, చెబుదామనే అనుకున్నా, కూర్చునే వీలే చిక్కలేదు, ఇంకా ఏ మాటా చెప్పలేదులే వాళ్ళకి అంది. అని అతని మొహంలోకి చూసింది. మంచి అవకాశమే అన్నాడు అతను. వెళ్ళొద్దు అన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. ఆమె ఇంకాసేపు చూసి స్నానానికి వెళ్ళిపోయింది.

ఇలాంటప్పుడు ఇంకొకడైతే బాత్రూం తలుపు బయట నిలబడైనా చెప్పేవాడు. మన ఐస్‌గడ్డ ఏం చేశాడంటే, వెళ్ళి లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ప్రాసెసర్ ముక్కుతాడు తీసేశాడు. ఫ్యాన్ గీతని కిందికి లాగి, వేడి నెత్తికెక్కేదాకా ఫ్యాన్ బద్ధకంగానే తిరిగేలా పెట్టాడు. వేడెక్కితే ఆమె ఆపుతుంది, ఆపితే బాల్కనీలోకి వస్తుంది, వస్తే అప్పుడు చెప్పొచ్చు. అతని లెక్క అది. మనిషితో చెప్పాల్సిన మాటకి లాప్‌టాప్‌ని రాయబారం పంపించాడు.

లెక్క తప్పలేదు. మర్నాడు పొద్దున ఆమె టేబుల్ దగ్గర విసుక్కోవడం, వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించాయి. మళ్ళీ మొదటికొచ్చింది, సాయంత్రం చూడు అంటూ వచ్చి పక్కన కూర్చుంది. అతను కప్పు అందించాడు. ఆమె మేనేజరు నడక అనుకరించి చూపించింది, తల్లి కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఇంట్లో ఎన్ని బూజులున్నాయో అని గోల పెట్టడం గురించి చెప్పింది. ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా ఉంది. ఆ సంతోషంలో అసలు మాట రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపు కూడా ఆమె వచ్చి కూర్చుంది. ఈసారి అట్టే మాట్లాడలేదు. కప్పు పట్టుకుని వీధిలోకి చూస్తూ, ఏమన్నా చెప్పాలా అని అడిగింది. సాయంత్రం సర్దేస్తాలే దాన్ని అన్నాడు. సర్దలేదు. ఇంకొక్క పొద్దు కావాలనిపించింది.

ఆ ఇంకొక్క పొద్దున ఆమెకి ఊళ్ళోని ఆఫీసులోనే బిల్డరుతో మీటింగు ఉంది. వెళ్తూ ఆ సంగతి చెప్పింది. చెప్పేసరికే చెప్పులు వేసుకుని గుమ్మం దిగింది. ఆగు, ఒక్క నిమిషం అనాలి. అంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? ఆ తడబాటులో ఆమె ఆటో ఎక్కేసింది. దుకాణంలో ఆ రోజు అతను ఎవరిదో లాప్‌టాప్‌లో మంచి స్క్రూ తల తిప్పి తిప్పి పాడుచేశాడు.

సాయంత్రం అతను వచ్చేసరికి ఆమె టేబుల్ దగ్గర కూర్చుని ఉంది. తెరమీద ఫ్యాన్ గీత ఉంది. అతని బల్ల ముందు స్టూలు మీద కూర్చుని ఎన్నోసార్లు చూసిన మనిషికి ఆ గీత ఎలా ఉండాలో తెలియకపోదు. మీటింగులో ఏం జరిగిందో ముందు అది చెప్పింది. అందరూ చూస్తుండగా వీడియో వరండా దాటి హాల్లో అడుగు పెట్టి అక్కడే ఇరుక్కుపోయిందట. బిల్డరు మంచాయన, నవ్వేసి, అమ్మా, దీన్ని నమ్ముకుని ఎన్నాళ్ళు తంటాలు పడతావు, మా హెడ్డాఫీసులో పెద్ద కంప్యూటర్లున్నాయి, వచ్చెయ్ అన్నాడట. ఆ సిగ్గులో, ఆ నిమిషంలో, సరే వస్తానని మాటిచ్చేసిందట.

"ఫ్యాన్ గీత నువ్వే దించావా?" అని అడిగింది.

అతను తలూపాడు.

"ఎందుకు?"

అతను ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వేడెక్కితే ఆపుతావని. ఆపితే వచ్చి కూర్చుంటావని."

ఆమె కేకలేయలేదు. వేసి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

"ఎన్నాళ్ళ నుంచి వాళ్ళకి ఏ మాటా చెప్పకుండా సాగదీశానో తెలుసా? నువ్వు వెళ్ళొద్దంటావేమోనని," అంది. "రెండు పొద్దులు నీ పక్కనే కూర్చున్నాను కదా. ఏమన్నా చెప్పాలా అని అడిగాను కూడా. ఒక్క మాట అని ఉంటే ఉండిపోయేదాన్ని."

"ఇప్పుడంటే?"

"ఇప్పుడు మాటిచ్చేశాను. అయినా ఇప్పుడు నువ్వు అడిగినట్టా, నేను అడిగించుకున్నట్టా?"

ఆమె పనికి తన చేత్తో అడ్డుపుల్ల వేశాడన్న సిగ్గు ఒకవైపు కాలుస్తోంది. ఆ సిగ్గు పోతుందేమో గాని, ఆ రెండు కప్పుల టీ ఎప్పటికీ తిరిగి రావని అర్థమైంది. ఏ జబ్బూ లేని లాప్‌టాప్ మోసుకొచ్చిన అమ్మాయిని, ఎందుకు తెచ్చారండీ అని అడిగిన మనిషి ఇన్నేళ్ళయినా అక్కడే కూర్చుని ఉన్నాడు.

వెళ్ళే ముందు ఆమె దాన్ని సర్దిపెట్టమంది. అతను మళ్ళీ అన్నీ మొదటి నుంచి చేశాడు. ప్రాసెసర్‌కి ముక్కుతాడు వేశాడు, గీత సవరించాడు, చార్జింగ్ ఎనభై దగ్గర ఆపాడు. మునుపటి కంటే చక్కగా కుదిరింది. చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉంది అంది ఆమె. సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపింది గాని, రమ్మనీ అనలేదు, ఉండమనీ అనిపించుకోలేదు.

ఇప్పుడు ఫోన్లలో మాటలు. పొద్దున టీ పెట్టుకునే వేళకి అతనే చేస్తాడు. ఆమె ఆఫీసుకి తయారవుతూ నాలుగు ముక్కలు చెబుతుంది. మునుపటి అంత కాదు. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు, వచ్చెయ్ అనాలని ప్రతి పొద్దూ అనుకునే డయల్ చేస్తాడు.

"లాప్‌టాప్ ఎలా ఉంది?" అని అడుగుతాడు.

"చల్లగానే ఉంది," అంటుంది ఆమె.

ఫోను పెట్టేయదు. అవతల ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంటుంది, దేనికోసమో ఆగినట్టు. దేనికోసమో ఇప్పుడు అతనికి బాగా తెలుసు. కప్పులో టీ చల్లారిపోతుంటే, నోరు తెరిచి, చార్జింగ్ ఎనభై దగ్గరే ఆగుతోందా అని అడుగుతాడు.