‘స’ దగ్గర ఈల

కట్టుడుపళ్లు చేయడంలో ఆమెది తిరుగులేని చెయ్యి. అసలు పేరు వెనకబడిపోయి, వీధివీధంతా ఆమెను పళ్లమ్మ అనే పిలిచేది. పెద్ద డాక్టరుగారి దంతవైద్యశాల వెనకగదిలో, ఉత్తరం కిటికీ దగ్గరున్న బల్ల ముందు పంతొమ్మిదేళ్లు కూర్చుంది. ఆమె చేసిన పళ్లు పెట్టుకున్నవాళ్లు నలుగురిలో నోరారా నవ్వేవాళ్లు. అవి కట్టుడుపళ్లని కట్టుకున్న పెళ్లానికి కూడా తెలిసేది కాదు.

ఆ పని చూడటానికి తేలిగ్గానే ఉంటుంది. ముందు మైనంలో పళ్లు పేర్చి చిగుళ్లు చెక్కుతారు. తర్వాత మైనం కరిగించి, ఆ ఖాళీలో గులాబిరంగు ముద్ద నింపి, ఇత్తడిపెట్టెలో బిగించి వేడినీళ్లలో గంటల తరబడి ఉడికిస్తారు. ఆ ఉడకడం దగ్గరే ఉంది కిటుకంతా. తొందరపడి ముందే తీస్తే పళ్లు పైకి నిక్షేపంగానే కనబడతాయి గాని, ముద్దలో మిగిలిపోయిన మందు పెట్టుకున్నవాళ్ల నోరంతా పొక్కించేస్తుంది.

ఈ కిటుకు పళ్లమ్మ ఒక్కడికే నేర్పింది. వాడికి గదిలో అందరూ పెట్టిన పేరు నాజూకు. మనిషి సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా, జేబులో దువ్వెనతో తిరిగేవాడు. పనికి వచ్చిన కొత్తలో సుద్దముద్ద కలపడం కూడా రాదు. ఎనిమిదేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని, తన తమ్ముడికైనా చెప్పనంత ఓపిగ్గా చెప్పింది. వాడు కూడా ‘అక్కా, అక్కా’ అంటూ వెనకే తిరిగేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె తన బావని కంటి డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. పొయ్యి మీద ఒక పెట్టె ఉడుకుతోంది.

“ఐదు కొట్టేదాకా దించకు,” అని నాజూకుకి చెప్పి వెళ్లింది.

“నేనున్నాగా అక్కా, నువ్వెళ్లు,” అన్నాడు వాడు.

మర్నాడు వాడు కొత్తగా క్షవరం చేయించుకుని వచ్చాడు. పళ్లమ్మ అప్పుడు పట్టించుకోలేదు. వారానికి ఒక రిటైరైన పంతులమ్మ నోరు వాచిపోయి, పెదాలు పగిలిపోయి ఆసుపత్రికి వచ్చి కూలబడింది. పెద్ద డాక్టరు ఏ పెట్టె ఎప్పుడు దించారో రాసే పుస్తకం తెరిపించాడు. పెట్టె దించిన సమయం మూడుంబావు అని ఉంది. పక్కన పళ్లమ్మ పొట్టి సంతకం.

“ఇది నా చెయ్యి కాదు,” అంది పళ్లమ్మ.

డాక్టరు నాజూకు వైపు చూశాడు. వాడు తల దించుకుని, గొంతులో ఎక్కడలేని జాలి పలికిస్తూ అన్నాడు: “అక్కకి ఈమధ్య ఇంట్లో చికాకులు ఎక్కువయ్యాయి సార్. పాపం, పని మీద మనసు నిలవడం లేదు. ఈసారికి వదిలేయండి.”

ఆ ‘పాపం’ అన్న మాట ఆమెకి నిలువునా దిగింది. తప్పు మోపితే మోపాడు, పైగా జాలి కూడా పడ్డాడు! డాక్టరు వదిలేయలేదు. ఆ సాయంత్రమే ఆమె కత్తులు, చెంచాలు గుడ్డలో చుట్టుకుని బయటికొచ్చింది. నెల తిరక్కుండా ఉత్తరం కిటికీ దగ్గరి బల్ల నాజూకుదైపోయింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. పళ్లమ్మ, ఆమె అక్క, బావ. ఆ మొగుడూ పెళ్లాల్లో ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమర. అక్క దేన్నీ ఒంటికి పట్టించుకునే రకం కాదు. నలభై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి, చావులూ పుట్టుకలూ ఒకే మొహంతో చూసిన మనిషి. బావ బస్సు డ్రైవరు. చూపు మందగించి స్టీరింగు వదిలేశాక కూడా, “పోన్లే, ఇప్పుడు సీట్లో కూర్చుని ఊరు చూడొచ్చు,” అని సంబరపడ్డవాడు. ఎందులోనైనా ఒక మంచి వెతికి పట్టుకోకపోతే ఆయనకి తోచదు.

“ఉద్యోగం వచ్చింది, పోయింది. నీది కాదనుకో, అయిపోతుంది,” అంది అక్క.

“మరదలా, ఇది అదృష్టమే తెలుసా? సొంతంగా పెట్టు. ముందుగది ఖాళీగానే ఉందిగా! రేపటినుంచి నువ్వే యజమానివి,” అన్నాడు బావ.

ఒకరు చల్లటి నీళ్లు, ఒకరు వెచ్చటి నీళ్లు. ఎవరు పోసినా పళ్లమ్మ ఒళ్లు మండుతూనే ఉంది. కాదనుకోవడానికి ఆమెకి మనసొప్పలేదు, మంచికేననుకోవడానికి నోరు రాలేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. నాజూకు నలుగురిలో తల దించుకోవాలి. ఈసారి ఉత్తుత్తిగా కాదు.

అయినా బావ మాట విని ముందుగదిలోనే బల్ల వేసుకుంది. వీధి చివర కొత్తగా వైద్యం పెట్టిన డాక్టరమ్మ పని ఇచ్చింది. ఆమెని చూసి ఇంకో ఇద్దరు ఇచ్చారు. ఇల్లు గడిచింది. కాని మైనం చెక్కుతున్నప్పుడల్లా పళ్లమ్మ పెదాలు కదిలేవి. వాడికి చెప్పాల్సిన మాటలు వరసలు మార్చి, పదును పెట్టి పెట్టి మూడేళ్లు చెప్పుకుంది. “ఎవరితోనే మాట్లాడుతున్నావు?” అని అక్క అడిగితే, “ఎవరితోనూ లేదు,” అని పళ్లు నూరేది.

అలా ఉండగా ఒకనాడు డాక్టరమ్మ దగ్గరినుంచి ఒక కొత్త నోటి అచ్చు వచ్చింది. రెండు దవడలూ బోసి. దాంతోపాటు వచ్చిన చీటీ మీద పేరు చూసి పళ్లమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. అది నాజూకు అసలు పేరు. వయసు, చిరునామా, అన్నీ వాడివే.

వెంటనే డాక్టరమ్మకి ఫోను చేసింది. “చిగుళ్ల జబ్బండీ,” అంది డాక్టరమ్మ. “ఉన్నవన్నీ పీకేయాల్సి వచ్చింది. నెలన్నర సెలవు పెట్టి ఇంట్లోనే దాక్కున్నారట. ఆయన పనిచేసే చోటే చేయించుకోవచ్చుగా అన్నాను. వద్దన్నారు. కిందివాళ్లకి తెలిస్తే నవ్వుతారట. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నారు.”

పళ్లమ్మ ఫోను పెట్టేసి ఆ సుద్ద దవడని అరచేతిలో పెట్టుకుంది. మూడేళ్లుగా ఎదురుచూసిన నోరు చేతిలోకి వచ్చి పడింది.

మైనం పళ్లు ముందు తూచినట్టు చేసి పంపింది. డాక్టరమ్మ వాటిని నాజూకు నోట్లో పెట్టి చూసి, అద్దినట్టున్నాయని తిప్పి పంపింది. అప్పుడు పళ్లమ్మ తలుపు గడియ వేసి, సన్నకత్తి తీసి, పై వరసలో ముందు రెండు పళ్లని వెంట్రుక వాసంత బయటికి జరిపింది. వాటి వెనక అంగిట్లో మైనాన్ని కాస్త గీకేసింది. కంటికి ఏమీ తెలియదు. కాని నాలుక అక్కడికి వెళ్లినప్పుడల్లా గాలి దారి తప్పుతుంది.

పళ్లు వెళ్లిన నాలుగో రోజు ఆమె పెద్ద డాక్టరు ఆసుపత్రి పక్కనున్న కాగితాల దుకాణంలో, క్యాలెండర్ల వెనక నిలబడింది. భోజనాల వేళకి నాజూకు వచ్చాడు. అదే ఇస్త్రీ, అదే దువ్వెన. పళ్లు మెరిసిపోతున్నాయి.

“సన్న పెన్సిళ్లు... సిరా సీసా... స్కేలు,” అన్నాడు.

‘స’ వచ్చిన ప్రతిచోటా నోట్లోంచి సన్నటి ఈల. కౌంటరు దగ్గరి అమ్మాయి పెదవి కొరుక్కుంది. నాజూకు చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

“సరిగ్గా వినబడలేదు, మళ్లీ చెప్పండి,” అంది ఆ అమ్మాయి. నిజంగానే వినబడలేదో, ఇంకోసారి వినాలనిపించిందో! వెనక నిలబడ్డ ఇద్దరు మాత్రం ఆపుకోలేక పకపకా నవ్వేశారు. నాజూకు చెవులు ఎర్రబడ్డాయి. ఏమీ కొనకుండానే వెళ్లిపోయాడు.

పళ్లమ్మకి మూడేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా ఊపిరి ఆడింది. ఇంటికొచ్చి, అభినయంతో సహా చెప్పింది. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూశావా! ఓపిక పడితే ఎంత మంచి జరిగిందో!”

అక్క ఉతికిన బట్టలు మడత పెడుతోంది. తల కూడా ఎత్తలేదు. “నువ్వు పని సరిగ్గా చేయవని మూడేళ్ల కిందట వాడు అబద్ధం చెప్పాడు,” అంది. “ఇప్పుడది నిజమైంది.”

అంతే. దిండు గలీబు మడిచి పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.

పళ్లమ్మ గదిలోకి వెళ్లి బల్ల ముందు కూర్చుంది. అక్క మీద కోపం వచ్చింది. తర్వాత తన చేతుల మీద వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె చేతినుంచి చెడిపోయిన పని ఒక్కటి బయటికి పోలేదు. ఇప్పుడొకటి ఊళ్లో తిరుగుతోంది, అదీ కావాలని పాడు చేసింది. పోయి పోయి ఆ వెధవ నోట్లో! వాడి తల వంచబోయి, వాడి మాటకి తనే సాక్ష్యం అయిపోయింది. అయినా కక్ష ఇసుమంతైనా తగ్గలేదు. ఈ పళ్లు బాగుచేయాలి, వాణ్ణి వదలకూడదు. రెండూ ఎలా కుదురుతాయో మాత్రం తోచలేదు.

దారి వాడే చూపించాడు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే తలుపు చప్పుడైంది. గుమ్మంలో నాజూకు, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

“ఎలా తెలిసింది?” అంది పళ్లమ్మ.

“చిగుళ్లు చెక్కిన తీరు చూశాను అక్కా. నారింజ తొక్కలా చుక్కలు చుక్కలుగా... నువ్వు తప్ప ఎవరూ అలా చెక్కరు.” ‘చుక్కలు’ దగ్గర కూడా చిన్న ఈల వచ్చింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. “తప్పయిపోయింది. బాగుచేసి పెట్టు.”

“ఏం తప్పు?”

పళ్లమ్మ కుర్చీ చూపించింది. కూర్చోబెట్టి, పై వరస తీయించి, ముందుపళ్ల వెనక మెత్తటి మైనం చిటికెడు అద్ది మళ్లీ పెట్టింది.

“నేను చెప్పిన మాట అను. ఈల ఎక్కడ వస్తోందో చూడాలి. ‘సమయం కాకుండానే పెట్టె దించింది నేనే’ అను.”

నాజూకు బిక్కచచ్చిపోయాడు. ఈ పనిలో నోరు పలికించి చూడటం మామూలే. అది వాడికీ తెలుసు. అందుకే కాదనలేకపోయాడు.

“సమయం... కాకుండానే... పెట్టె దించింది నేనే.”

“ఇంకా వస్తోంది.” ఇంకాస్త మైనం అద్దింది. “‘సంతకం పెట్టింది నేనే’ అను.”

“సంతకం పెట్టింది నేనే.”

“క్షవరానికి పోవడానికేనా?”

“అవును... ఆ సాయంత్రం పెళ్లిచూపులున్నాయి అక్కా,” అన్నాడు వాడు గొణుగుతూ. ఈసారి ఈల రాలేదు.

అంతవరకు మూల కుర్చీలో కూర్చుని వింటున్న బావ ఒక్క ఉదుటున లేచాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన గొంతు పెంచగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. “ఏరా! నీ క్షవరం కోసం నా మరదలి నోటికాడి కూడు లాగేశావా? అది మూడేళ్లు గోడలతో మాట్లాడింది! పక్కగదిలో కూర్చుని నేను విన్నాను! వింటూ మంచికేలే, మంచికేలే అని నాకు నేను అబద్ధం చెప్పుకున్నాను!” చేతికి అందిన చెక్కసుత్తి ఎత్తాడు. చూపు ఆనక బల్ల మీద వేశాడు. సుద్ద దవడ ఒకటి ముక్కలైంది.

అక్క వంటగదిలోంచి వచ్చింది. మొగుడి చేతిలో సుత్తి తీసుకుంది. ఏ తొందరా లేకుండా వీధి తలుపు మూసి గడియ పెట్టింది. “కొట్టడం దేనికి? వాడు ఇక్కడ ఒప్పుకుంటే ఏం లాభం?” అంది. “చెప్పాల్సిన చోట చెప్పాలి.” ఆ మాట చల్లగానే వచ్చింది. కాని సుత్తిని కింద పెట్టకుండా చేతిలోనే బిగించి పట్టుకోవడం పళ్లమ్మ చూసింది. ఏదీ అంటదనుకున్న అక్కకి కూడా మూడేళ్లుగా లోపల కాలుతూనే ఉందన్నమాట.

పళ్లమ్మ రెండు వరసలూ తీయించి గుడ్డలో పెట్టుకుంది. “ఇవి బాగు కావడానికి మూడు గంటలు పడుతుంది. ఈలోపు నువ్వెళ్లి పెద్ద డాక్టరుకి, నీ కిందివాళ్లందరి ముందూ చెప్పి రా.”

“పళ్లు లేకుండానా?” అన్నాడు నాజూకు. బుగ్గలు లోపలికి పోయి, ఒక్కసారిగా పదేళ్లు మీదపడినట్టున్నాడు.

“నేను ఉద్యోగం లేకుండా మూడేళ్లున్నాను. నువ్వు పళ్లు లేకుండా మూడు గంటలుండలేవా?”

“నేను తోడు వెళ్తాను,” అన్నాడు బావ. చూపు తక్కువ కాబట్టి పట్టుకున్నాననే నెపంతో వాడి మోచెయ్యి గట్టిగా బిగించాడు. దారిపొడవునా వదల్లేదట.

జరిగింది తర్వాత బావే చెప్పాడు. నాజూకు గదిలోకి వెళ్లగానే పనివాళ్లు వాడి మొహం చూసి నిలబడిపోయారు. బోసినోటితో మాటలు ముద్దముద్దగా వచ్చాయి. డాక్టరు “ఏంటీ? సరిగ్గా చెప్పు,” అని రెండుసార్లు అడిగాడు. మూడోసారి అర్థమైంది. పుస్తకం తెప్పించి పాత సంతకాల పక్కన ఆ సంతకం పెట్టి చూశాడు. రెండూ కలవలేదు.

వాడు తిరిగొచ్చేసరికి పళ్లు సిద్ధంగా ఉన్నాయి. పళ్లమ్మ స్వయంగా పెట్టింది. ‘స’తో మొదలయ్యే మాటలు పాతిక అనిపించింది. ఎక్కడా గాలి తప్పలేదు. ఆమె చేసిన వాటిలో అంత చక్కగా కుదిరినవి తక్కువ.

“నన్ను క్షమించావా అక్కా?” అన్నాడు గుమ్మం దగ్గర ఆగి.

“లేదు,” అంది పళ్లమ్మ. “ఆర్నెల్లకోసారి చూపించుకో. చిగుళ్లు కుంచించుకుపోతే వదులవుతాయి.”

నాజూకు ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం నిలవలేదు. పెద్ద డాక్టరు స్వయంగా ఆమె ఇంటికి వచ్చి, పంతులమ్మకి నిజం చెబుతూ జాబు రాశానని చెప్పి, ఉత్తరం కిటికీ దగ్గరి బల్ల మళ్లీ తీసుకోమన్నాడు. పళ్లమ్మ కూర్చోమని కూడా అనకుండా అంతా విని, “నా బల్ల ఇక్కడుంది,” అని గుమ్మందాకా సాగనంపింది. ఆయన మొహం మాడిపోవడం చూసి, ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువే తింది.

కక్ష తీరిందా అని డాక్టరమ్మ ఒకసారి అడిగింది.

“సగం తీరింది,” అంది పళ్లమ్మ. “మిగతా సగం అలవాటైపోయింది.”

అని, చేతిలో ఉన్న మైనం చల్లారిపోతుంటే, మాట ఆపి పనిలో పడింది.